వినబడలేదు అని రాయగలగడం

(సమావేశాల రికార్డింగులను అక్షరాల్లో పెట్టే పని నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక సంఘటన చెబుతాను. ఒక సంస్థ తమ ఆన్‌లైన్ సమావేశం రికార్డింగును నాకు పంపింది. గంటా పది నిమిషాల సమావేశం, ఏడుగురు మనుషులు. చివరి రెండు నిమిషాల్లో ఒకరు "అయితే ఆ లెక్కలు శుక్రవారంలోగా పంపాలి" అన్నారు. ఇంకొకరు "సరే" అన్నారు. మరో గొంతు "సరేనండి" అంది. అందరూ సెలవు తీసుకున్నారు. నేను విన్నది విన్నట్టు రాసి ఇచ్చాను. తర్వాతి వారం ఆ సంస్థ నుంచి ఫోను వచ్చింది. శుక్రవారం దాటిపోయినా లెక్కలు ఎవరూ పంపలేదు. పంపగలిగినవారు ముగ్గురుంటే, ఆ ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరిలో ఎవరో పంపుతారని ఊరుకున్నారు. "ఎవరు పంపాలో మీ ట్రాన్‌స్క్రిప్టులో కనబడటం లేదు. మళ్ళీ విని ఆ పేరు చేర్చగలరా?" అని అడిగారు.

మళ్ళీ విన్నాను. పేరు లేదు. సమావేశంలోనే ఎవరూ ఆ పేరు చెప్పలేదు.

ఇక్కడ తెలుగు క్రియ గురించి ఒక్క క్షణం ఆలోచించండి. "పంపుతాను" అంటే చెప్పినవారే పంపుతారు. "పంపుతారు" అంటే మీరో, వాళ్ళో. క్రియ చివరనే మనిషి ఉన్నాడు. కానీ "పంపాలి" అన్న రూపంలో మనిషి లేడు. నేను పంపాలి, నువ్వు పంపాలి, ఆమె పంపాలి, వాళ్ళు పంపాలి, అన్నిటికీ అదే రూపం. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఈ లోటు తెలియదు, ఎందుకంటే చూపు ఆ పని చేస్తుంది. చెప్పే మనిషి ఎవరి వైపు చూస్తే వాళ్ళకు ఆ పని అప్పగించినట్టు. ఆన్‌లైన్ సమావేశంలో అందరూ కెమెరా వైపో తెర వైపో చూస్తుంటారు. ఆ చూపు ఎవరినీ ఎంచుకోదు. అందుకే "పంపాలి" అన్న మాట తెర మీది ఏడు గడుల మధ్య గాలిలో అలా ఉండిపోయింది.

నేను ఆ పేరు చేర్చలేదు. ఎవరి గురించి అన్నారో నాకు కొంత ఊహ ఉంది, అంతకు ముందు ఇరవై నిమిషాల పాటు లెక్కల గురించి ఎక్కువగా మాట్లాడినవారు ఒకరున్నారు. అయినా చేర్చలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఖాళీ గురించే. మన పనిలో ఖాళీలు రెండు రకాలుగా వస్తాయి. ధ్వనిలో ఖాళీ ఒకటి, అంటే మాట ఉంది కానీ చెవికి అందలేదు. అర్థంలో ఖాళీ ఇంకొకటి, అంటే మాట అందింది కానీ చెప్పినవారే ఏదో చెప్పకుండా వదిలేశారు. ఈ రెండింటినీ పూడ్చాలన్న కోరిక మనకు చాలా బలంగా ఉంటుంది. మాటలు విని తానే అక్షరాల్లో పెట్టే యంత్రానికి మనకంటే ఇంకా బలంగా ఉంటుంది.

నేను ఈ పనిలోకి వచ్చి 11 ఏళ్ళు. కొత్తవారు మొదట అడిగేది ఒకటే: గంట రికార్డింగు రాయడానికి ఎంతసేపు పడుతుంది? ధ్వని శుభ్రంగా ఉండి ఒకరే మాట్లాడుతుంటే, అలవాటు పడిన చేతికి సుమారు నాలుగు గంటలు. ఆరేడుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే ఆరు గంటలు, ఒక్కోసారి ఎనిమిది. ఎందుకంత అంటే, నోటి వేగానికీ వేళ్ళ వేగానికీ మధ్య ఉన్న దూరం. ఇంగ్లిషు సంభాషణ నిమిషానికి దాదాపు 150 పదాలతో సాగితే, మామూలుగా టైపు చేసేవారు 40 పదాల దగ్గర ఉంటారు. ఈ దూరాన్ని దాటడానికి మనుషులు ఎప్పటినుంచో ప్రయత్నిస్తున్నారు. క్రీ.పూ. 63లో రోమ్ సెనేటులో కేటో చేసిన ప్రసంగాన్ని పట్టుకోవడానికి, గుర్తులతో వేగంగా రాయడం వచ్చిన లేఖకులను సిసిరో సభలో కూర్చోబెట్టాడని చెబుతారు. 1837లో ఐజాక్ పిట్‌మన్ ధ్వనులను ఆధారం చేసుకుని షార్ట్‌హ్యాండ్ పద్ధతిని ప్రచురించాడు. ఆ లేఖకుడైనా, తర్వాతి కాలపు స్టెనోగ్రాఫరైనా సభలోనే ఉండేవారు. ఎవరు లేచారో, ఎవరు తల ఊపారో వాళ్ళకు కనబడేది. చిన్న గదిలో అయితే "మళ్ళీ ఒకసారి చెబుతారా?" అని అడిగే వీలూ ఉండేది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చాక, మాట పలికిన చోటికీ రాసే చోటికీ సంబంధం తెగిపోయే దారి తెరుచుకుంది. మనకు అడిగే వీలు పోయింది. దాని బదులు ఎన్నిసార్లయినా వెనక్కి వెళ్ళి వినే వీలు దొరికింది. ఇది చిన్న బేరం కాదు. దీన్ని పూర్తిగా వాడుకోని మనిషి ఈ పనికి రాకూడదని నా అభిప్రాయం. ఒకసారి విని రాసేది ట్రాన్‌స్క్రిప్టు కాదు, జ్ఞాపకం.

ఇక ఆన్‌లైన్ ధ్వని విషయానికి వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి.

ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపి మరొకరు అందుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ. 2009లో 10 భాషల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం మొత్తం మీద సగటున సుమారు 200 మిల్లీసెకన్లని తేలింది. అంటే సెకనులో అయిదో వంతు. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. ఫోను సంభాషణ సహజంగా సాగాలంటే ఒక వైపు నుంచి మరో వైపుకు ధ్వని చేరడంలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉండటం మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చెబుతుంది. ఇంటర్నెట్ నెమ్మదించిన రోజున ఆ గీత సులువుగా దాటిపోతుంది. మాట వెళ్ళడానికి కొంత, జవాబు రావడానికి కొంత. మనుషులు ఒకరి మాట అయిపోయిందనుకుని మొదలుపెడతారు, ఈలోపు అవతలివారు కొనసాగిస్తూనే ఉంటారు. "మీరు చెప్పండి", "లేదు లేదు, మీరు కానివ్వండి" అన్న మర్యాదలు మన రికార్డింగుల్లో ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టి చూడండి. అది వాళ్ళ తొందరపాటు కాదు, తీగ చేసిన పని.

ఇద్దరి మాటలు ఢీకొన్నప్పుడు ఇంకోటి జరుగుతుంది. స్పీకరులోంచి వచ్చిన గొంతు తిరిగి మైకులోకి పోయి ప్రతిధ్వని రాకుండా సాఫ్ట్‌వేర్ ఆపుతుంది. మంచిదే. కానీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే, ఆ సాఫ్ట్‌వేర్ తరచూ ఒక గొంతును కుదించేస్తుంది. రెండో గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పరిసరాల శబ్దాన్ని తొలగించే ఏర్పాటు కూడా అంతే. ఫ్యాన్ చప్పుడుతో పాటు మెల్లగా ముగిసిన మాటల చివరలను కూడా అది కత్తిరిస్తుంది.

మాట చివర కత్తిరిస్తే తెలుగులో ఏమవుతుంది? అర్థమంతా తోకలోనే ఉన్న భాష మనది. కాలం అక్కడుంది, మనిషి అక్కడున్నాడు, కాదనడం అక్కడుంది, అడగడం అక్కడుంది. "రేపటికి అయిపోతుంది" అంటే మాట ఇవ్వడం. "రేపటికి అయిపోతుందా" అంటే అడగడం. మధ్యలో తేడా ఒక్క దీర్ఘం. "రేపటికి అయిపోతుందట" అన్నారనుకోండి, అది ఇంకెవరో చెప్పిన కబురు, చెప్పిన మనిషి దానికి పూచీ పడటం లేదు. ఆ చివరి "ట" ఒక్కటి ఇంటర్నెట్ మింగేస్తే, విన్న కబురు కాస్తా మాట ఇచ్చినట్టయిపోతుంది. నెల తిరిగాక ఆ ట్రాన్‌స్క్రిప్టు చూపించి "మీరే అన్నారు కదా" అని నిలదీస్తారు. ఆ మనిషి అనలేదు. అన్నట్టు మనం రాశాం.

అంకెల సంగతి చెప్పాలి. ఇరవై, అరవై. పదిహేను, పదిహేడు. మొదటి అక్షరమో చివరి అక్షరమో పోతే మిగిలినదంతా ఒకటే. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఒక రికార్డింగులో "అరవై రోజుల గడువు" అన్నదాన్ని "ఇరవై రోజుల గడువు" అని రాశాను. నాకు ఆ మాట మొదలు సరిగా వినబడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వాక్యం సాఫీగా కుదిరింది కాబట్టి ముందుకు పోయాను. అవతలి పక్షానికి ఆ పత్రం వెళ్ళాక, గడువు ఎందుకు తగ్గించారని వాళ్ళు నొచ్చుకున్నారు. రికార్డింగు తీసి విన్నాక తప్పు నాదని తేలింది. రెండు నిమిషాల తర్వాత అదే సమావేశంలో గడువు ముగిసే తేదీ కూడా చెప్పారు. ఆ తేదీతో పోల్చి చూసినా నాకు తెలిసిపోయేది. చూడలేదు. ఆ రోజు నుంచి ఏ అంకెనైనా అయిదు సెకన్లు వెనక్కి వెళ్ళి, వాక్యం మొదటి నుంచి మూడుసార్లు వింటాను. అంకె ఒక్కదాన్నే కత్తిరించి వినకండి. అలా వింటే చెవి తనకు కావలసినదే వింటుంది.

ఇంకో అలవాటు. ధ్వని మాత్రమే పంపితే వీడియో కూడా అడగండి, సంభాషణ పెట్టెలో టైపు చేసిన సందేశాలు కూడా అడగండి. "ఇది తీసి అక్కడ పెట్టండి", "ఆ పైది కాదు, కిందిది" అన్న మాటలకు తెర చూడకుండా అర్థమే లేదు. తెర మీద మూడో వరుసను చూపిస్తూ అన్నారని చదరపు కుండలీకరణాల్లో రాయండి. అంకె సరిగా వినబడనప్పుడు, తెర మీద ఉన్న పట్టికలోనే అది కనబడవచ్చు. అప్పుడు కూడా "తెరపై ఉన్న పట్టిక ప్రకారం" అని రాయాలి. విన్నదీ చూసినదీ ఒకటి కావు.

ఇప్పుడు యంత్రం. నిర్వాహకులు దీనితోనే మొదలుపెట్టమన్నారు. నేను కావాలనే ఇంతదాకా ఆగాను, ఎందుకంటే ధ్వని సంగతి తెలియకుండా యంత్రం సంగతి అర్థం కాదు.

1952లో బెల్ ల్యాబ్స్‌లో ఆడ్రీ అనే యంత్రం తయారైంది. సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలను మాత్రం గుర్తుపట్టేది, అదీ తనకు అలవాటైన గొంతు అయితేనే బాగా. అక్కడి నుంచి ఎక్కడికి వచ్చామంటే, 2022 సెప్టెంబరులో ఓపెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన, మాటలను అక్షరాల్లోకి మార్చే విస్పర్ అనే సాఫ్ట్‌వేర్ నమూనాకు 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ ఇచ్చారు. ఒక మనిషి నిద్రాహారాలు లేకుండా వింటే 77 ఏళ్ళకు పైగా పట్టే ధ్వని అది. ఇలాంటి సాధనాలను నేనూ వాడతాను. మొదటి ప్రతి యంత్రంతో తీసి, తర్వాత మొదటి నుంచి చివరి వరకు వింటూ దిద్దుతాను. ధ్వని బాగుంటే నా సమయం సగానికి సగం తగ్గింది. ఆ మేలును కాదనడం నిజాయితీ అనిపించుకోదు.

కానీ యంత్రం చేసే తప్పు మన తప్పులాంటిది కాదు. మనిషికి వినబడకపోతే చెయ్యి ఆగుతుంది. యంత్రానికి ఆగడం అలవాటు లేదు. ధ్వని స్పష్టంగా లేనప్పుడు కూడా, ఇక్కడ ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో ఆ మాట పెట్టేస్తుంది. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో, విస్పర్‌తో రాయించిన ధ్వని ముక్కల్లో దాదాపు 1 శాతంలో ఎవరూ అనని మాటలు, ఒక్కోసారి పూర్తి వాక్యాలు, పుట్టుకొచ్చాయని తేలింది. అలా పుట్టిన వాటిలో సుమారు 38 శాతం ఎవరికో ఒకరికి హాని చేయగలిగినవని ఆ పరిశోధకులు తేల్చారు. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట ఇది ఎక్కువ. మెదడుకు దెబ్బ తగిలి మాట తడబడే మనుషుల రికార్డింగుల్లో మౌనాలు ఎక్కువ కాబట్టి, వాళ్ళ నోట్లో యంత్రం ఎక్కువ మాటలు పెట్టింది. ఎవరూ మాట్లాడని చోట "వీక్షించినందుకు ధన్యవాదాలు" అన్న వాక్యం వచ్చి కూర్చోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంటర్నెట్‌లోని వీడియోల చివర మాట ఆగిపోయాక కనబడే ఉపశీర్షిక అదే. మౌనం వినబడితే ఆ మాట రాయాలని అది నేర్చుకుంది.

ఒక శాతమే కదా అంటారా? ఆ ఒక శాతం ఎక్కడ ఉందో పేజీ చూస్తే తెలియదు. అక్షరదోషం కంటికి తగులుతుంది. కల్పించిన వాక్యం వ్యాకరణం చక్కగా ఉండి, సందర్భానికి అతికినట్టుండి, కంటి ముందు నుంచి జారిపోతుంది. అందుకే యంత్రం రాసిన ప్రతిని చదివి దిద్దకండి. విని దిద్దండి. ఈ రెండింటికీ పేరు ఒకటే అయినా పని వేరు.

తప్పుల శాతం అన్న లెక్క గురించి కూడా ఒక మాట. మాటలను గుర్తించే సాధనాలను కొలవడానికి వాడేది పద దోష శాతం. మారిపోయిన పదాలు, పడిపోయిన పదాలు, లేనిపోని పదాలు, ఈ మూడూ కూడి, అసలు పదాల సంఖ్యతో భాగిస్తారు. 2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇంగ్లిషు ఫోను సంభాషణల మీద 5.1 శాతానికి చేరామని ప్రకటించారు. గొప్ప విషయమే. కానీ ఈ లెక్కకు అన్ని పదాలూ సమానం. "అంటే" అన్న ఊతపదం పోయినా ఒక తప్పే, "చేయం" అన్నది "చేస్తాం" అయినా ఒక తప్పే. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిషులో నాలుగు మాటలుగా వచ్చేది మనకు ఒక్క పదంలో ఇమిడిపోతుంది, కాబట్టి ఒక్క ప్రత్యయం తప్పితే పదమంతా తప్పు కింద లెక్క. అది అన్యాయమని అక్షరాల చొప్పున కొలిస్తే, "అయిపోతుందట"లో పోయిన "ట" వెయ్యి అక్షరాల్లో ఒక్కటిగా మిగిలి మాయమైపోతుంది. మొదటి కొలత భయపెడుతుంది, రెండోది నిద్రపుచ్చుతుంది. ఆ "ట" పోవడం వల్ల ఎవరి మెడకు ఏం చుట్టుకుందో ఏ కొలతా చెప్పదు.

దీన్ని నేను సాంకేతిక విషయంగా చూడలేను. 2020లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. అయిదు పెద్ద సంస్థల సాధనాలను తీసుకుని, నల్లజాతివారి మాటల మీద, తెల్లజాతివారి మాటల మీద పరీక్షించారు. సగటు పద దోషం నల్లజాతివారికి 35 శాతం, తెల్లజాతివారికి 19 శాతం. సమావేశంలో దీని అర్థం ఏమిటో చూడండి. మంచి మైకు, మంచి ఇంటర్నెట్, యంత్రానికి అలవాటైన యాస ఉన్నవారి మాటలు అచ్చు గుద్దినట్టు పడతాయి. గొంతు మెత్తగా ఉన్నవారు, ఫోనులోంచి చేరినవారు, యంత్రం ఎక్కువగా వినని యాసలో మాట్లాడేవారు ముక్కలు ముక్కలుగా పడతారు. ఆరు నెలల తర్వాత ఆ పత్రం చదివేవారికి, మొదటివారు ఆలోచన ఉన్నవారిగా, రెండోవారు ఏమీ చెప్పనివారిగా కనబడతారు. నేను ఆరేడు గంటలు కూర్చునేది ఎక్కువగా ఈ రెండోవారి కోసమే. మొదటివారి మాటలు ఎలాగూ దొరుకుతాయి.

వాళ్ళ మాటలు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. పలుకుబడిని అక్షరాలతో అనుకరించకండి. ఎవరో ఒక పదాన్ని తమ ప్రాంతపు తీరులో పలికితే, పదం వాళ్ళదే ఉంచి వర్ణక్రమం మామూలుగా రాయండి. ఒకరి మాటలను పుస్తకాల్లోలా, ఇంకొకరి మాటలను నోట్లోంచి వచ్చినట్టు వంకరలతో రాస్తే, ఆ పత్రం ఒకరిని చదువుకున్నవారిగా, ఇంకొకరిని చదువు లేనివారిగా నిలబెడుతుంది. ఆ అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. కానీ పదాన్ని మార్చకండి. "అండి" అంటే ఉంచండి. "అండి" లేకుండా అంటే చేర్చకండి. ఎవరు ఎవరిని "మీరు" అన్నారో, ఎవరు "నువ్వు" అన్నారో కూడా ఆ సమావేశంలో భాగమే.

సంభాషణ విశ్లేషణలో గెయిల్ జెఫర్సన్ ఒక సంకేత పద్ధతి తయారుచేశారు. ఎక్కడ ఇద్దరి మాటలు కలిశాయి, ఎన్ని సెకన్లు ఆగారు, ఎక్కడ గొంతు పెరిగింది, అన్నీ గుర్తులతో రాసే పద్ధతి. పరిశోధనకు అది అవసరం. 1979లో ఎలినార్ ఓక్స్ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, ఏది రాయాలి ఏది వదలాలి అన్న ఎంపికలోనే ఒక సిద్ధాంతం దాగి ఉందని వాదించారు. పని సమావేశాలకు అంత సూక్ష్మం అక్కరలేదు. "అంటే", "అదే", "మరి" లాంటి ఊతపదాలు తీసేయవచ్చు. అయితే రెండింటి విషయంలో నేను పట్టు విడవను.

ఒకటి "ఊఁ". మనం మాట్లాడుతుంటే అవతలివారు "ఊఁ" అంటారు. "వింటున్నాను, కానివ్వండి" అని దాని అర్థం. ఒప్పుకున్నానని కాదు. యంత్రం రాసే సారాంశాల్లో ఈ "ఊఁ" అంగీకారంగా మారడం నేను చాలాసార్లు చూశాను. "మీకు ఇది సమ్మతమేనా?" అని నేరుగా అడిగినప్పుడు వచ్చిన "ఊఁ" వేరు, దాన్ని జవాబుగా రాయాలి. మధ్యలో వచ్చిన "ఊఁ"లు వదిలేయండి, లేదా ఉంచితే అక్కడే ఉంచండి. రెండోది మౌనం. "శుక్రవారానికి ఇవ్వగలరా?" అని అడిగారు. వెంటనే "ఇస్తాం" అన్నారు. లేదా ఆరు సెకన్లు ఆగి "ఇస్తాం" అన్నారు. ఈ రెండూ ఒకటేనా? ఆరు సెకన్ల మౌనం అని రాయండి. ఎందుకు ఆగారో రాయకండి. ఇంటర్నెట్ ఆగి ఉండవచ్చు, మనసు ఆగి ఉండవచ్చు. అది చదివేవారు ఆ మనిషిని అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

సారాంశాల మాట వచ్చింది కాబట్టి "మనం", "మేము" గురించి చెప్పాలి. "మేము చూసుకుంటాం" అంటే వినేవారిని పక్కన పెట్టి, బాధ్యత తమ మీద వేసుకోవడం. "మనం చూసుకుందాం" అంటే వినేవారిని కూడా కలుపుకోవడం. ఇంగ్లిషులో రెండింటికీ ఒకటే సర్వనామం. తెలుగు సమావేశాన్ని ఇంగ్లిషులో సారాంశం చేయించి, దాన్ని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకునే సంస్థలున్నాయి. ఆ ప్రయాణంలో బాధ్యత ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారిపోతుంది, ఎవరి చెయ్యీ పడకుండానే. "చూద్దాం" అన్న మాట అయితే మరీ. మన మధ్య "చూద్దాం" అంటే తరచూ "వద్దులెండి" అనడానికి మర్యాదైన దారి. ఒక సారాంశంలో అది "పరిశీలించడానికి అంగీకరించారు" అని రావడం నేను చదివాను. మీరు రాసే ట్రాన్‌స్క్రిప్టులో "చూద్దాం"ను "చూద్దాం"గానే ఉంచండి. తెలుగు తెలిసినవారు ఎవరు చదివినా అందులో ఉన్న సందేహం వాళ్ళకు వినబడుతుంది.

ఎవరు మాట్లాడారన్నది గుర్తించడం గురించి క్లుప్తంగా చెబుతాను. ఎవరికి వారు వేరే కంప్యూటర్ నుంచి చేరితే సాఫ్ట్‌వేరే పేర్లు ఇస్తుంది. నలుగురు ఒక గదిలో ఒకే మైకు ముందు కూర్చుంటే నలుగురికీ ఒకే పేరు వస్తుంది. పోలిన గొంతులుంటే "గదిలోంచి ఒకరు" అని రాయండి. ఊహించి పేరు పెట్టకండి. ఒకరి అభ్యంతరం ఇంకొకరి పేరు కింద పడితే, దాన్ని దిద్దడానికి తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా మొదటి పత్రమే నలుగురి దగ్గరా ఉంటుంది.

ఇక ప్రశ్నలకు సమయం ఇస్తాను.

ప్రశ్న: సమావేశం నిర్వహించేవారికి మీరు ఏమి చెబుతారు? రికార్డింగు బాగుండాలంటే?

మొదట, రికార్డు చేస్తున్నామని అందరికీ చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టమంటాను. చాలా చోట్ల అది చట్టం కూడా. సమావేశం మొదలు కాకముందు మాట్లాడుకున్న ఇంటి సంగతులు రికార్డయితే నేను రాయను, రాయమన్నా రాయను. ఎవరి మైకు వారికి ఉండేలా చూడండి, వీలుంటే ఒక్కొక్కరి ధ్వని విడివిడిగా నమోదయ్యేలా పెట్టుకోండి. అంకెలను రెండు రకాలుగా చెప్పండి, "అరవై, ఆరు సున్నా" అని. ముగించే ముందు రెండు నిమిషాలు ఉంచుకుని, ఏ పని ఎవరిదో పేరు పెట్టి చదవండి. "పంపాలి" అని ఎవరైనా అంటే "ఎవరు?" అని అడగండి. సమావేశం నడుస్తుండగా అది ఒక్క మాట. తర్వాత అది వారం రోజుల తగాదా.

ప్రశ్న: పని అయిపోయాక ధ్వనిని ఎంతకాలం ఉంచుకోవాలి?

ఇందులో రెండు మంచి విషయాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ధ్వని ఉన్నంతకాలమే నా రాతలో తప్పు పట్టుకోవచ్చు. ధ్వని ఉన్నంతకాలం ఆ మనుషుల గొంతులు, వాళ్ళ ఇంట్లో పిల్లల చప్పుళ్ళు కూడా ఎవరి చేతిలోనో ఉంటాయి. పాల్గొన్నవారికి ట్రాన్‌స్క్రిప్టు పంపి, దిద్దుబాట్లకు ఒక గడువు ఇచ్చి, అది ముగియగానే నా దగ్గరున్నది చెరిపేస్తాను. పని ఒప్పుకునేటప్పుడే ఆ తేదీ రాసుకుంటాం. ఉచితంగా రాసిపెడతామనే వెబ్‌సైట్లలో ఎవరి సమావేశాన్నీ ఎక్కించకండి. మీరు ఒప్పుకోవడానికి అవి మీ గొంతులు కావు.

ప్రశ్న: "వినబడలేదు" అని ఎక్కువచోట్ల రాస్తే పని సరిగా చేయలేదని అనుకోరా? డబ్బు తగ్గించరా?

అనుకుంటారు. నాకు ఒకసారి అలాగే జరిగింది. రెండు గంటల రికార్డింగులో 14 చోట్ల "వినబడలేదు" అని రాశాను, ప్రతిచోటా నిమిషం, సెకను వేసి. ఇన్ని ఖాళీలు ఏమిటని పత్రం వెనక్కి పంపారు. యంత్రంతో రాయించుకుంటే ఒక్క ఖాళీ కూడా రాలేదని, ఆ ప్రతిని కూడా జతచేశారు. నేను వాదించలేదు. ఆ 14 సమయాల జాబితాను, ఆ ఒక్కొక్క ముక్క ధ్వనిని విడిగా కత్తిరించి, సమావేశంలో మాట్లాడినవారికే వినిపించండని పంపాను. ఎవరి మాటను వాళ్ళు విన్నారు. తొమ్మిది చోట్ల తాము ఏమన్నారో గుర్తుపట్టి చెప్పారు. అందులో నాలుగు, యంత్రం రాసినదానికి పూర్తిగా వేరు. మిగిలిన అయిదు చోట్ల తాము ఏమన్నారో వాళ్ళకే తెలియలేదు. ఆ అయిదు చోట్ల ఇప్పటికీ ఆ పత్రంలో "వినబడలేదు" అనే ఉంది.